ఆరు చుక్కలలో తెలుగు: కోయంబత్తూరు, మధుర తెలుగు నివాసములందు చూపులేని విద్యార్థుల అక్షరచరిత్ర

దక్షిణదేశమున స్థిరపడిన తెలుగువారిని గూర్చి వ్రాయువారు 1529 ప్రాంతమున మధురను చేపట్టిన విశ్వనాథ నాయకునితో మొదలిడి, తిరుమల నాయకుని మహలు వద్ద కొంతసేపు నిలిచి, రాణి మంగమ్మ వేయించిన బాటలను, కట్టించిన చావడులను స్మరించి, విజయరంగ చొక్కనాథుని ఆస్థానకవులతో విరమించుట పరిపాటి. ఆ కథ మన సంఘ సంచికలు చదువువారికి క్రొత్తది కాదు. నేను చెప్పదలచినది ఆ కథకు చివర చేరవలసిన ఒక చిన్న అధ్యాయము. మన నివాసములలో పుట్టిన చూపులేని పిల్లలకు తెలుగు అక్షరము ఏ దారిని అందినది, నేటి కంప్యూటరు, చేతిఫోను ఆ దారిని ఎంతవరకు సుగమము చేసినవి, ఎక్కడ అడ్డగించినవి అనునదియే ఈ వ్యాసమునకు విషయము. నేను చరిత్రకారుడను కాను. మైనారిటీ భాషా పాఠశాలలో తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయుడను. కావున శాసనములకంటె తరగతిగదియే నాకు ఎక్కువ ఆధారము.

మొదట మన స్థితిని ఒకపరి గుర్తుచేసికొనవలెను. కోయంబత్తూరు చుట్టుపట్ల పాళెములలోను, మధుర, తేని, విరుదునగరు ప్రాంతముల గ్రామములలోను కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయులు మొదలగువారు తరతరములుగా ఇంట తెలుగు మాటలాడుచున్నారు. కాని వారిలో తెలుగు లిపి చదువగలవారు బహుస్వల్పము. బడి తమిళము, కొట్టులెక్క తమిళము, పెండ్లిపత్రిక తమిళము. మన ముసలమ్మలు పాడు జోలపాటలు, పెండ్లిపాటలు ఏ పుస్తకము చూచియు నేర్చినవి కావు. అనగా నాలుగు వందల ఏండ్లకు పైగా మన తెలుగు చెవినే నమ్ముకొని బ్రదికినది. అక్షరమును వదలిపెట్టిన భాషకు కలుగు నష్టము చిన్నది కాదు. మనవారు ఇంటి తెలుగును కాగితముపై పెట్టవలసి వచ్చినపుడు తమిళ లిపిలో వ్రాసికొందురు. ఆ లిపిలో క-గలకు, ప-బలకు ఒకే అక్షరము. ‘గాలి’ అని వ్రాసినది ‘కాలి’ యగును. ‘బడికి పోయినాడు’ అని వ్రాసినది ‘పడికి పోయినాడు’ అగును. ఇంటివాడు అర్థము చేసికొనును. మనుమని కుమారుడు చేసికొనలేడు.

తమిళనాట 2006లో వచ్చిన తమిళ బోధన చట్టము ఒక్కొక్క తరగతిగా పైకెక్కి 2015–16 విద్యాసంవత్సరమునకు పదవ తరగతిని చేరినది. పిమ్మట మైనారిటీ భాషల విద్యార్థులు మినహాయింపునకై న్యాయస్థానముల మెట్లెక్కిన సంగతి పాఠకులెరిగినదే. ఆ వాదమును ఇక్కడ ఎత్తను. కన్నులున్న పిల్లలకే తెలుగు అక్షరము ఇంత దుర్లభమైన చోట కన్నులు లేని బిడ్డ గతి యేమి అని ఎవరును అడుగలేదనుట మాత్రమే నా తాత్పర్యము. నేనును చాలకాలము అడుగలేదు.

కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాలకు అట్టి బాలిక యొకతె వచ్చెను. ఇంట తెలుగు. ప్రాథమిక విద్య చూపులేనివారి బడిలో తమిళమున, తమిళ బ్రెయిలీలో. ఆమెకు తెలుగు ఎట్లు చెప్పుటయో తెలియక మొదటి నెల ఆమెను ముందు బల్లపై కూర్చుండబెట్టి వినుమంటిని. అది బోధన కాదు, తప్పించుకొనుట. పిమ్మట ఎక్కడనో తెలుగు బ్రెయిలీ అక్షరపట్టిక యొకటి సంపాదించి, చుక్కలు పొడిపించి, ఆమె చేతికిచ్చితిని. ఆమె వ్రేళ్ళు మొదటి వరుసపై పరుగెత్తి నిలిచినవి. «సార్, ఈ అక్షరాలు నాకు ముందే వచ్చునే!» అనెను. నేను నమ్మలేదు. అది నిజమేయని ఆ సాయంకాలము రెండు భాషల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొన్న తరువాత గాని నాకు తెలియలేదు.

ఇందులకు కారణము 1951లో కలదు. అంతకు ముందు కథ కొంత చెప్పవలెను. ఫ్రాన్సు దేశమున 1809లో పుట్టి, బాల్యముననే చూపు పోగొట్టుకొన్న లూయీ బ్రెయిలీ పదునైదేండ్ల ప్రాయముననే ఆరు చుక్కల పద్ధతిని రూపొందించి, 1829లో ప్రకటించెను. మన దేశమున చూపులేనివారికి మొదటి పాఠశాల 1887లో అమృతసరమున ఆనీ షార్ప్ స్థాపించినది. దక్షిణమున, మధుర నాయకుల యేలుబడిలో నుండిన తిరునెల్వేలి సీమలోని పాళెంకోటలో, ఆస్క్‌విత్ దొరసాని 1890లో అట్టి పాఠశాలనే ప్రారంభించెను. ఆ దొరసానులు క్రైస్తవమత ప్రచారమునకు వచ్చినవారు. అయినను వారి బడులలో మొదట వ్రేలు పెట్టి చదివిన పిల్లలు ఈ నేలవారే. అయితే ఒక చిక్కు వచ్చినది. ఒక్కొక్క ప్రాంతమువారు ఒక్కొక్క విధముగా చుక్కలను తమ భాషాక్షరములకు కేటాయించుకొనిరి. 20వ శతాబ్ది ఆరంభమున నోల్స్, గార్త్‌వెయిట్ అను వారు ‘ఓరియంటల్ బ్రెయిలీ’ అను ఉమ్మడి పద్ధతిని ప్రతిపాదించినను అది అందరకును సమ్మతము కాలేదు. ఒక బడిలో ‘క’ అయినది మరియొక బడిలో మరేదో అయ్యెను. అచ్చు వేయువాడెవ్వడు? ఎందరికని వేయును?

స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే 1949లో భారత ప్రభుత్వము ఈ చిక్కును యునెస్కో యెదుట పెట్టెను. గల్లిపోలి యుద్ధమున చూపు కోల్పోయిన న్యూజీలాండు దేశస్థుడు క్లూథా మెకంజీ సలహాదారుగా, 1950లో పారిసు నందును, 1951లో బేరూతు నందును సభలు జరిగినవి. మన పక్షమున స్వయముగా చూపులేని విద్యాశాఖోద్యోగి లాల్ ఆద్వానీ ప్రముఖపాత్ర వహించెను. వీని ఫలితముగా 1951లో ‘భారతీ బ్రెయిలీ’ వెలసినది. దాని సూత్రమొక్కటే: కంటికి లిపులు వేరైనను ధ్వని యొక్కటే అయినచోట చుక్కలును ఒక్కటే. అదే సంవత్సరము దేహ్రాదూనులో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయము నెలకొన్నది. భాషాప్రయుక్త రాష్ట్రములకై దేశమున ఉద్యమము రేగుచున్న దినములలో, రెండేండ్లలో ఆంధ్రరాష్ట్రము ఏర్పడనున్న సమయమున, లిపిభేదము లేని యొక అక్షరసముదాయము నిశ్శబ్దముగా దేశమంతటికి వచ్చినది. చరిత్ర గ్రంథములలో దీనికి రెండు పంక్తులైనను దొరకవు.

ఈ సూత్రము మన నివాసములకు ఎంతటి వరమో కొంచెము నిదానించి చూడవలెను. బ్రెయిలీ గడిలో ఎడమప్రక్క పైనుండి క్రిందికి 1, 2, 3. కుడిప్రక్క 4, 5, 6 చుక్కలు. ‘అ’ 1వ చుక్క. ‘క’ 1, 3. ‘మ’ 1, 3, 4. ఇవి తమిళమునకును తెలుగునకును సమానము. తమిళపు అచ్చులు 12. అన్నియు తెలుగులో అవే చుక్కలు, హ్రస్వమైన ఎ, ఒలతో సహా. తమిళపు హల్లులు 18. వానిలో 16 తెలుగులో అట్లే నిలుచును. తమిళమునకే ప్రత్యేకమైన ఒక ‘ళ’కారభేదము, ఒక ‘న’కారభేదము మాత్రమే మిగులును. ఇక తమిళమున లేని గ, జ, ద, బల మాట. ఈ పిల్ల ఆంగ్ల బ్రెయిలీయు చదివినదే. గ-కు ఆంగ్లపు జీ చుక్కలు, జ-కు జే చుక్కలు, ద-కు డీ చుక్కలు, బ-కు బీ చుక్కలు. ఇంకను చిత్రమేమన, ఆంగ్లములో రెండక్షరములను కలిపి ఒక గడిలో వ్రాయు సంక్షిప్తములలో సీహెచ్, జీహెచ్, ఎస్‌హెచ్, టీహెచ్ గుర్తులు వరుసగా మన ఛ, ఘ, శ, థ లైనవి. కావున ఆమె క్రొత్తగా నేర్వవలసినవి డ, ధ, భ వంటి కొన్ని మాత్రమే.

అంతకంటె గొప్పది మరియొకటి కలదు. కన్నులున్న బిడ్డకు మన లిపిలో అక్షరమాల తొలిమెట్టు మాత్రమే; పిమ్మట తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము, వట్రుసుడి; వాని తరువాత ఒత్తులు. మా తరగతులలో తమిళ లిపికి అలవడిన పిల్లలు మొదట జంకునది ఈ ఒత్తులకే. బ్రెయిలీలో ‘కి’ అనగా ‘క’ ప్రక్కన ‘ఇ’. సంయుక్తాక్షరమునకు ముందు 4వ చుక్క గల గడి యొకటి చేర్చిన ఒత్తు పని తీరును. క్రొత్త ఆకారములు నేర్వనక్కరలేదు. ఇంట తెలుగు విని, బడిలో తమిళ బ్రెయిలీ చదివిన బిడ్డకు తెలుగు అక్షరాస్యత కొన్ని వారముల పని. మా బాలికకు మూడు వారములు పట్టినది. అదే తరగతిలో చూపున్న తోటివారికి ఒక సంవత్సరము చాలలేదు. మన నివాసములలో తెలుగు లిపికి అందరికంటె దగ్గరగా నున్నది చూపులేని బిడ్డయే అను మాట విచిత్రముగా తోచవచ్చును గాని నేను కన్నులారా చూచినది.

ఈ ప్రాంతమున చూపులేనివారి చదువునకు కృషి లేకపోలేదు. కోయంబత్తూరునకు ఉత్తరమున పెరియనాయకన్‌పాళయములో (ఊరిపేరే మన చరిత్ర చెప్పుచున్నది) టి. ఎస్. అవినాశిలింగము 1930లో నెలకొల్పిన శ్రీరామకృష్ణ మిషన్ విద్యాలయము సమ్మిళిత విద్యలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అక్కడి ఎం. ఎన్. జి. మణి చూపులేని పిల్లలకు గణితము చెప్పు పద్ధతులపై చేసిన కృషి దేశాంతరములకు వ్యాపించినది. అట్టి పిల్లలను సాధారణ పాఠశాలలలోనే చదివింపవలెనను కేంద్ర పథకము 1974లో వచ్చినది. మధురలో చిన్ననాడే చూపు కోల్పోయిన ఎస్. ఎం. ఏ. జిన్నా 1985లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది బ్లైండ్ స్థాపించెను. అంతకు పూర్వమే 1976లో కీళ్ళవాతముతో వ్రేళ్ళు వంకరలు పోయిన వైద్యుడు గోవిందప్ప వెంకటస్వామి సర్కారు కొలువు విరమించి, మధురలో 11 మంచములతో అరవింద నేత్రవైద్యశాలను తెరచెను. శుక్లములు తొలగించి చూపు నిచ్చుట ఆయన వ్రతము. వైద్యమునకు లొంగని చూపు గల బిడ్డను పిమ్మట బడి చూచుకొనవలెను. ఆ బడి ఏ భాషలో చూచుకొనును అనుచోట మన ప్రశ్న మొదలగును.

అదే 1976లో అమెరికాలో రే కర్జ్‌వైల్ అచ్చుపుటను చూచి పైకి చదువు యంత్రమును ప్రదర్శించెను. అది దాదాపు బట్టలుతుకు యంత్రమంత యుండెడిది. తరువాత కంప్యూటరు తెరపై నున్నదానిని చదివి వినిపించు సాధనములు, వానినే స్క్రీన్ రీడర్లందురు, బయలుదేరినవి గాని వాని వెల మన బడులకు అందునది కాదు. 2006లో చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు మైకేల్ కర్రన్, జేమ్స్ టే ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడరును ఉచితముగా ఇయ్యదొడగిరి. దానితో చేరివచ్చు ఈస్పీక్ స్వరము తెలుగును, తమిళమును కూడ పలుకును. ఆ పలుకు రేకుడబ్బాలో రాళ్ళు పోసినట్లుండును. చెవి కొన్ని దినములలో అలవడును. 2011లో తమిళనాడు ప్రభుత్వము ఉచిత లాప్‌టాపుల పథకము మొదలిడినప్పుడు ఇట్టి సాధనములు చూపులేని విద్యార్థుల చేతికి నిజముగా రాగలిగినవి. 1937లో డి. బాలసుందరముతో కలిసి విద్యుత్ మోటారును తయారుచేసిన జి. డి. నాయుడు పుట్టిన సీమ ఇది. యంత్రమన్న ఇక్కడివారికి బెదురు లేదు.

ఈ యంత్రములలో భారతీ బ్రెయిలీకి తోబుట్టువు వంటిది యూనికోడు. 1991లో వెలువడిన ఆ సంకేతపట్టికలో భారతీయ లిపులన్నియు మన దేశమున 1988లో ప్రకటించిన ఇస్కీ వరుసనే అనుసరించినవి. తమిళ ‘అ’ సంఖ్యకు 128 కూడిన తెలుగు ‘అ’. తమిళ ‘క’ సంఖ్యకు 128 కూడిన తెలుగు ‘క’. ఇన్‌స్క్రిప్ట్ అను కీబోర్డు అమరికలోను రెండు భాషలకు ‘క’ ఒకే మీట. ఆ అమరికలో తమిళము టైపు చేయు బిడ్డ వ్రేళ్ళు మార్చకయే తెలుగు టైపు చేయగలదు. (తమిళనాట ప్రచారములో నున్న తమిళ్99 అమరిక వేరు, దానితో ఈ లాభము పోవును. మా బాలికకు నేను రెండవది కూడ నేర్పించితిని. ఆమె తిట్టుకొనుచు నేర్చినది.)

ఇంతవరకు అంతయు వెలుగే. ఇక చీకటి చెప్పవలెను. స్క్రీన్ రీడరు చూచునది అక్షరము యొక్క ఆకారమును కాదు, దాని సంఖ్యను. మన తెలుగు అచ్చు లోకము ఏండ్ల తరబడి యూనికోడుకు పూర్వపు ఫాంట్లతో నడచినది. వానిలో ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ఆకారముల ముక్కలు కూర్చియుండును. కంటికి నిండు తెలుగు. యంత్రమునకు అర్థము లేని ఆంగ్లాక్షరముల కుప్ప. నేనొకపరి మా బాలికకు ఒక పాఠపుటను మెయిలులో పంపితిని. మరునాడు ఆమె తన యంత్రమును తరగతిలో బిగ్గరగా పలికించెను. అది పాఠములో మొదటి వాక్యమని నేను చెప్పవలసివచ్చినది. పిల్లలందరు నవ్విరి, ఆమెయు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. మరికొన్ని పుస్తకములు కేవలము పుటల ఛాయాచిత్రములు. వానియెదుట యంత్రము అసలు మూగది. పాఠ్యపుస్తకములలో ముద్రించిన క్యూఆర్ గుర్తు మరియొకటి. ఫోను చూపినచో దృశ్యపాఠము వచ్చునట! ఆ గుర్తు పుటలో ఏ మూల నున్నదో చూచువాడెవ్వడు?

దీనికంటె లోతైన సంశయము నాకు మరియొకటి కలిగినది. యంత్రము పలుకుట మొదలిడిన పిమ్మట మా బాలిక బ్రెయిలీ పలకను ప్రక్కన పెట్టెను. వినుట సులువు. ఏడాది గడచునప్పటికి ఆమె టైపు చేసిన తెలుగులో లళలు, నణలు, శషలు కలగాపులగమైనవి, ద్విత్వములు జారినవి. విన్న ధ్వనిని వినినట్లు వ్రాయుచున్నది. అప్పుడు నాకు మా తాత జ్ఞప్తికి వచ్చెను. ఆయన తెలుగు కూడ అట్టిదే. ఆయనకు చూపున్నది గాని తెలుగు అక్షరము లేదు. చెవినే నమ్ముకొని బ్రదికిన భాషకు మన నివాసములలో వచ్చిన రోగమే ఈ పలుకు యంత్రము ద్వారా మరల వచ్చుచున్నది. కేవలము పలుకునట్టి సాధనము నిచ్చి బాధ్యత తీరినదని తలచుట చూపున్న బిడ్డకు పుస్తకము లాగికొని రేడియో నిచ్చుట వంటిది.

దీనికి విరుగుడు యంత్రములోనే కలదు. తెరపై నున్న వాక్యమును చుక్కలుగా మార్చి, చిన్న సూదులను పైకి క్రిందికి ఆడించి వ్రేళ్ళకు అందించు బ్రెయిలీ డిస్‌ప్లే అను సాధనమున్నది. యూనికోడు తెలుగును తెలుగు బ్రెయిలీగా మార్చు పట్టికలు ఉచితముగా దొరకును. సాధనము వెల మాత్రము సామాన్య కుటుంబమునకు అందునది కాదు. పాఠశాలకు ఒకటి యున్నను నలుగురైదుగురు పంచుకొనవచ్చును. అది లేనిచోట పాత పలకయు సూదియు చాలును. నేను వారమునకు రెండు దినములు యంత్రము కట్టివేసి చుక్కలతోనే చదివించి, చుక్కలతోనే వ్రాయించితిని. ఆమెకు అది నచ్చలేదు. అక్షరములు మాత్రము తిరిగి వచ్చినవి.

చట్టము కూడ ఇప్పుడు అడ్డము కాదు. 2012లో గ్రంథస్వామ్య చట్టమును సవరించి, చదువలేని వికలాంగులకై గ్రంథములను వారికందు రూపములోనికి మార్చుకొనుటకు అనుమతి నిచ్చిరి. 2013లో మరకేష్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒప్పందమును 2014లో అందరికంటె ముందు ధ్రువపరచినది మన దేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ్ అను జాలగ్రంథాలయము మొదలైనది. అచ్చుపుటను గుర్తించి అక్షరములుగా మార్చు విద్యలో హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001 నాటికే తెలుగుపై ఫలితములు ప్రకటించిరి. ఒత్తులవద్ద ఆ విద్య తడబడుట సహజము; కావున మానవుడు కూర్చుండి దిద్దవలెను. తెలుగు వికీసోర్సులో దేశదేశములవారు పుటలు దిద్దుచున్నారు.

ఇక్కడ మధుర మరల వచ్చును. 18వ శతాబ్ది తొలిపాదమున విజయరంగ చొక్కనాథుని ఆస్థానమున సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమినీ భారతమును వచనమున వ్రాసెను. పద్యమే కావ్యమనుకొను కాలమున మన మధుర తెలుగు గద్యమునకు పీఠము వేసినది. స్క్రీన్ రీడరు పద్యమును పాడుచేయును. యతిప్రాసలు దానికి పట్టవు, గణములు దానికి తెలియవు. గద్యమును మాత్రము ఓపికగా చదువును. దక్షిణాంధ్ర వచనగ్రంథములు శుద్ధమైన యూనికోడు ప్రతులుగా వచ్చిన, వానిని మొదట కడముట్ట చదువువారు మన నివాసముల చూపులేని పిల్లలే కావచ్చును. చూపున్నవారిలో వానిని తెరచువారెందరో నాకు తెలియును. మన సంఘమువద్ద పాత సంచికలు బీరువానిండ నున్నవి. వానిలోని వ్యాసములను టైపు చేయుట పెద్ద ధనము కోరు పని కాదు. ఈ సంచికనైనను పాత ఫాంటులో గాక యూనికోడులో కూర్చి, ఒక ప్రతి పాఠశాలలకు పంపుడని సంపాదకవర్గమును నేను ముందే కోరితిని. వారు అంగీకరించిరి.

ఈ వ్యాసము టైపు ప్రతిని మొదట చదివినది ఆ బాలికయే. ఇప్పుడామె కళాశాల విద్యార్థిని. ఒక బ్రెయిలీ డిస్‌ప్లేను ఎరవు తెచ్చుకొని రెండు సాయంకాలములు కూర్చుండి, నేను వ్రాసినదానిలో మూడు తప్పులు పట్టినది. అందులో రెండు ళకారమునకు లకారము.